గుమ్మం దాటినవారు ఎందరు? మా మ్యూజియం లెక్కల ప్రాజెక్టు డైరీ

మే, మొదటి వారం

మా మ్యూజియానికి టిక్కెట్టు లేదు. టిక్కెట్టు లేదు కాబట్టి లెక్కా లేదు. ద్రాక్షారామం నుంచి కోటిపల్లి వెళ్లే దారికి కాస్త లోపలగా, కాలువ గట్టు మీది పాత బంగళాలో ఊరివాళ్లు కమిటీ కట్టుకుని నడుపుతున్న చిన్న ప్రదర్శనశాల ఇది. ఏతం, గూడ, లాకు తలుపులు ఎత్తే ఇనుప చక్రం, సరుకు పడవల నమూనాలు, కొబ్బరి పీచు వడికే రాట్నం, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పటాల నకళ్లు, ఒక గదిలో నాణేలు. ఇవి చూడటానికి ఎందరు వస్తున్నారని అడిగితే మాత్రం ఎవరి నోటికి వచ్చిన అంకె వారిది.

బల్ల మీద రిజిస్టరు ఉంది. “కుటుంబ సమేతంగా దర్శించాము, చాలా బాగున్నది” అని అందులో ఒక సంతకం. ఆ కుటుంబంలో ముగ్గురున్నారో పదమూడు మందో దేవుడికే ఎరుక. బడి పిల్లలు వస్తే మాస్టారు ఒక్కరే సంతకం చేస్తారు, లేదా పిల్లలందరూ సరదాకు రెండేసిసార్లు చేస్తారు.

కార్యదర్శి మాస్టారు నిధుల కోసం దరఖాస్తు నింపుతూ ‘ఏటా వచ్చే సందర్శకుల సంఖ్య’ అన్న గడి దగ్గర ఆగిపోయారు. పోయినసారి ‘సుమారు పదివేలు’ అని రాశారట. అంతకుముందూ అదే అంకె. “ఈసారి నిజం రాద్దామండి, మీకు ఈ వైర్ల పని తెలుసు కదా” అన్నారు. పైగా 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 జూలైలో ఈ దారులు ఎలా నిండిపోయాయో చూసినవాళ్లం. లోపల ఎందరున్నారో తెలియకుండా మేడ మీది చెక్క అటక మీదికి జనాన్ని పంపడం నాకు ఇష్టం లేదు.

కమిటీ మంజూరు చేసింది ఐదు వేలు. ఒక కంపెనీవారు గుమ్మం ఒక్కదానికి చెప్పిన ధర మా ఏడాది కరెంటు బిల్లును మించిపోయింది. కాబట్టి చేత్తో చేసుకోవలసిందే.

ఏదైనా కొనేముందు మాస్టారి దగ్గర కూర్చుని కొన్ని విషయాలు తేల్చుకున్నాను. వందకు పది మంది తప్పినా దరఖాస్తుకు ఇబ్బంది లేదన్నారు. అయితే ఆ తప్పు ఎంతో మనకు తెలిసి ఉండాలి. ఈ మాట నాకు చాలా నచ్చింది, పని మొత్తం దీని మీదే నడుస్తుంది. గంటవారీ లెక్క కావాలి. లోపలికి వచ్చినవారు, బయటికి వెళ్లినవారు విడివిడిగా తెలియాలన్నది మాత్రం నా పట్టుదల. ఎందుకంటే వెనుక రేవు వైపు ఇంకో గుమ్మం ఉంది. ముందునుంచి వచ్చినవారు నది చూద్దామని అటునుంచి వెళ్లిపోతుంటారు. రాకపోకలు కలిపి లెక్కించి సగం చేసే చిట్కా ఒకే గుమ్మం ఉన్నచోటే చెల్లుతుంది.

మే, మూడో వారం

కాగితం మీదే కొట్టివేయదగ్గవి కొన్ని.

మా మేనల్లుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, వాడి ఓటు కెమెరాకు. “మామయ్యా, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు మీద ఓపెన్‌సీవీ అనే, బొమ్మలు చదివే ప్రోగ్రాము నడిపిస్తే మనుషుల్ని అదే గుర్తుపడుతుంది” అంటాడు. గుర్తుపడుతుంది, కాదనను. పైన బిగించి కిందికి చూపే కెమెరా బాగా పనిచేస్తుంది కూడా. కానీ బోర్డు, కెమెరా, మంచి పవర్ సప్లై కలిపితేనే మా డబ్బు అయిపోతుంది. కరెంటు తీసేటప్పుడు మెమరీ కార్డు మీద రాత జరుగుతూ ఉంటే కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది, మా ఊళ్లో కరెంటు చెప్పి పోదు. పైగా 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. బొమ్మ తీసి వెంటనే చెరిపేస్తున్నామని ప్రతి సందర్శకుడికీ ఎవరు నచ్చచెబుతారు? కమిటీలోని ఆడవాళ్లు ఒక్క మాటలో తేల్చేశారు: “గుమ్మంలో కెమెరా వద్దండి.” బొమ్మ తీయడమే చేతకాని పరికరమైతే ఈ గొడవే ఉండదు.

ఫోన్ల వైఫై సంకేతాలు పట్టుకుని లెక్కించే పద్ధతి ఒకటుంది. ఇప్పటి ఫోన్లు నెట్‌వర్క్ వెతికేటప్పుడు తమ అసలు చిరునామా చెప్పవు, మార్చి మార్చి వేరేవి చెబుతాయి. ఒకే మనిషి పదిమందిగా కనిపిస్తాడు. అదీగాక మా సందర్శకుల్లో సగం మంది ఫోను కొడుకు దగ్గర వదిలేసి వచ్చే పెద్దవాళ్లు.

కాలి కింద బరువు గుర్తించే చాప గురించి కూడా ఆలోచించాను. గడప మీద అమర్చితే వైరింగ్ సులువు. కానీ మనవాళ్లు గడప తొక్కరు! చిన్నప్పటినుంచి తిట్లు తిని నేర్చుకున్న అలవాటు, మ్యూజియమైనా సరే దాటి అడుగు వేస్తారు. గడప దాటాక నేల మీద వేద్దామంటే వానాకాలంలో తడి కాళ్లు, బురద.

మే, చివరి వారం

మొదటి ప్రయోగం పీఐఆర్‌తో. దుకాణాల్లో అన్నిటికన్నా చవకగా దొరికే సెన్సార్ ఇదే, హెచ్‌సీ-ఎస్ఆర్501 మాడ్యూలు వంద రూపాయల లోపే. ఒంటి వేడి కదిలినప్పుడు వచ్చే మార్పును పసిగడుతుంది. మెట్ల దగ్గర దీపం దానంతట అదే వెలగడానికి వాడేది.

లెక్కకు మాత్రం ఇది పనికిరాదు, కారణాలు రెండు. ఒకసారి పసిగట్టాక కొన్ని సెకన్లపాటు అది ఇంకేమీ చూడదు. ఆ వ్యవధిలో ఎనిమిది మంది పిల్లలు దూరిపోతే ఎనిమిదిమందీ కలిసి ఒక్కరు. రెండోది మన ఎండ. చుట్టూ ఉన్న గోడలకూ మనిషి చర్మానికీ వేడిలో తేడా ఉంటేనే ఇది పనిచేస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలకు పడమటి గోడ కాలిపోతుంటే ఆ తేడా దాదాపు పోతుంది. వాచ్‌మన్ బాబాయి దాని ముందునుంచి మెల్లగా నడిచి వెళ్లాడు, దీపం వెలగలేదు. “నన్ను మనిషిగా లెక్కేయలేదయ్యా ఇది” అని తెగ నవ్వాడు. చల్లబడ్డాక సాయంత్రం అదే సెన్సార్ చక్కగా చూసింది. దీన్ని నాణేల గది దీపానికి బిగించాను, అక్కడ బాగానే ఉంది.

జూన్

కాంతి కిరణం అడ్డుపెట్టే పద్ధతి. గుమ్మానికి ఒకవైపు పరారుణ ఎల్ఈడీ, రెండోవైపు గ్రాహకం, మధ్యలో మనిషి వస్తే కిరణం తెగుతుంది. ఇది ఎంతో కాలంగా వాడుకలో ఉన్న పద్ధతి, అర్థం చేసుకోవడం తేలిక, చెడిపోతే ఎవరైనా బాగుచేయగలరు. అందుకని దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకున్నాను.

చేయబోయేవారికి ఒక ముఖ్యమైన విషయం. టీవీ రిమోట్ల కోసం చేసిన టీఎస్ఓపీ1738 గ్రాహకమే చిన్న దుకాణాల్లో దొరుకుతుంది. 38 కిలోహెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు 38 వేలసార్లు, మినుకుమనే కాంతినే అది చూస్తుంది, అందువల్ల ఎండ, ట్యూబులైటు దాన్ని అంతగా మోసం చేయలేవు. కానీ ఆ 38 కిలోహెర్ట్జ్ కాంతిని ఆపకుండా పంపుతూ ఉంటే గ్రాహకం దాన్ని కూడా ఏదో దీపపు అల్లరి కింద జమకట్టి సున్నితత్వం తగ్గించేసుకుంటుంది. మనిషి లేకపోయినా కిరణం తెగినట్టు చూపుతుంది. రిమోట్ ఎలా పంపుతుందో అలాగే కొద్దిసేపు పంపి, కొద్దిసేపు ఆపి, మళ్లీ పంపాలి. లేదంటే అడ్డుకట్ట కిరణాల కోసమే చేసిన టీఎస్ఎస్‌పీ రకం గ్రాహకం తెప్పించుకోవాలి. నేను కోడ్‌లో విరామాలు పెట్టి టీఎస్ఓపీతోనే సరిపెట్టుకున్నాను.

తర్వాతి ప్రశ్న ఎత్తు. మోకాలి ఎత్తున పెడితే రెండు కాళ్లూ వేరువేరుగా కిరణాన్ని తెంపుతాయి, ఒకరు ఇద్దరవుతారు. రొమ్ము ఎత్తున పెడితే చిన్నపిల్లలు కిందినుంచి దూరిపోతారు. నడుము ఎత్తున ఊగే చేతులు, సంచులు. 90 సెంటీమీటర్ల దగ్గర బిగించి, తెగిన తర్వాత అర సెకను లోపు వచ్చే రెండో తెగుడును పట్టించుకోవద్దని రాశాను. ఒంటరిగా వచ్చేవారి విషయంలో లెక్క చక్కగా కుదిరింది.

దిశ తెలియడానికి పక్కనే రెండో కిరణం కూడా పెట్టి చూశాను. ఏది ముందు తెగిందన్నదాన్ని బట్టి లోపలికో బయటికో తెలుస్తుంది. అదీ బాగానే ఉంది. అసలు సమస్య మన అలవాటులోనే ఉంది: ఎవరూ ఒక్కరుగా నడవరు. భార్యాభర్తలు పక్కపక్కన, పిల్లలు చేతులు పట్టుకుని, అమ్మమ్మను ఇద్దరు అటూ ఇటూ ఆనించుకుని. పక్కనుంచి చూసే కిరణానికి ఆ ముగ్గురూ ఒక్కరే. గుమ్మం వెడల్పు 1.2 మీటర్లు, ముగ్గురు పట్టేంత. లోపలికి వస్తున్న ఒకరూ బయటికి పోతున్న ఒకరూ గుమ్మం మధ్యలో ఎదురుపడితే దిశ కూడా గల్లంతవుతుంది.

పక్కనుంచి కాదు, పైనుంచి చూడాలి. కిరణాల సామగ్రి విప్పి డబ్బాలో పెట్టాను.

జూలై, రెండో వారం

పైనుంచి చూసేవాటిలో మూడింటిని పక్కపక్కన పెట్టి చూశాను.

శబ్దంతో దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 చవక. 40 కిలోహెర్ట్జ్ శబ్దం పంపి ప్రతిధ్వని కోసం ఆగుతుంది. నున్నటి గోడ మీద బాగా కొలుస్తుంది గానీ తలమీది జుట్టు, పట్టుచీర మడతలు, శాలువా ఆ శబ్దాన్ని మింగేస్తాయి, లేదా పక్కకు చెదరగొడతాయి. అంకెలు గంతులేశాయి. దాన్ని వెంటనే వదిలేశాను.

ఏఎంజీ8833 అనే ఉష్ణ సెన్సార్ ఎనిమిది వరుసల్లో ఎనిమిదేసి గడులుగా వేడిని చూస్తుంది, సెకనుకు పదిసార్లు. ముఖాలు కనిపించవు, వేడి మచ్చలు మాత్రమే. ఆలోచన అందంగా ఉంది. ధర ఎక్కువ, మే నెల ఎండ దెబ్బ దీనికీ తప్పదు. పీఐఆర్‌తో అనుభవం అయ్యాక మళ్లీ వేడిని నమ్ముకోవడానికి మనసొప్పలేదు.

మూడోది వీఎల్53ఎల్1ఎక్స్. కంటికి హాని చేయని 940 నానోమీటర్ల లేజరు వెలుగును పంపి, అది తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలిచి దూరం చెబుతుంది. మీటరు దూరం వెళ్లి తిరిగి రావడానికి వెలుగుకు పట్టేది దాదాపు 6.7 నానోసెకన్లు. ఇంత చిన్న కాలాన్ని వేలిగోరు కన్నా చిన్న చిప్పు కొలుస్తుందంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. మా పనికి ముఖ్యమైన గుణం ఇంకొకటి ఉంది. దాని గ్రాహకం 16 వరుసలు, 16 నిలువులుగా అమరిన గడుల పలక. అందులో ఏ భాగంతో చూడాలో మనమే చెప్పవచ్చు. ఒకసారి వీధి వైపు సగంతో, మరోసారి లోపలి వైపు సగంతో చూడమంటే ఒకే చిప్పు రెండు కళ్లుగా పనిచేస్తుంది. మొదట వీధి కన్ను, తర్వాత రెండూ, చివర లోపలి కన్ను కప్పబడితే మనిషి లోపలికి వచ్చినట్టు. క్రమం తిరగబడితే బయటికి వెళ్లినట్టు. లోపలికి ఒక అడుగు వేసి, చెప్పులు గుర్తొచ్చి వెనక్కి తిరిగితే క్రమం పూర్తికాదు, లెక్కలోకి రాడు. కిరణం పద్ధతిలో ఇంత వివేకం లేదు.

ఇదే కొన్నాను. దీన్ని నడపడానికి వైఫై ఉన్న చిన్న కంప్యూటరు లాంటి ఈఎస్‌పీ32 బోర్డు.

జూలై, చివరి వారం

సెన్సార్ కొనగానే పని అయిపోతుందనుకుంటారు. కొన్నాకే అసలు లెక్కలు మొదలవుతాయి, ఈ వారం అంతా టేపు పట్టుకుని గుమ్మంలోనే గడిచింది.

ఈ చిప్పు చూసే కోణం సుమారు 27 డిగ్రీలు. నేలకు 2.4 మీటర్ల ఎత్తున బిగిస్తే నేల మీద అది చూసే మేర మీటరు పైచిలుకు, అంటే గుమ్మం దాదాపు నిండినట్టే. కానీ మనం లెక్కించేది నేలను కాదు. భుజాలు 1.3 మీటర్ల ఎత్తున ఉంటాయనుకుందాం. సెన్సార్ నుంచి అక్కడికి దూరం 1.1 మీటర్లు, ఆ ఎత్తులో అది చూసే వెడల్పు అర మీటరు మాత్రమే. తల ఎత్తుకు వచ్చేసరికి ఇంకా తక్కువ. పొడుగు మనిషి గుమ్మం అంచున భుజం ఒరుసుకుంటూ వెళితే దొరకకుండా పోవచ్చు. సందర్శకుడు ఎంత పొడుగైతే దొరకడం అంత కష్టం!

దీనికి రెండో సెన్సార్ కొనడం ఒక దారి. ఇంకో దారి మాకు కోటిపల్లి రేవులో రోజూ కనిపించేదే. గోదావరి పాయ గౌతమి దాటి ముక్తేశ్వరం వెళ్లేవారు రేవంతా చెల్లాచెదురుగా నిలబడినా పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కేచోట దారి ఇరుకు కాబట్టి వరుసలోకి రాక తప్పదు. మేమూ గుమ్మం లోపల రెండు కర్ర స్తంభాలు నిలిపి, కొబ్బరి తాళ్లు కట్టి, దారిని 90 సెంటీమీటర్లకు కుదించాం. అంతకన్నా ఇరుకు చేయకూడదు, చక్రాల కుర్చీ పట్టాలి. ఈ దారిలో అంచున నడిచినవారి భుజం కూడా సెన్సార్ చూపులో పడుతుంది, ఇద్దరు పక్కపక్కన రావాలంటే కాస్త తడబడి ముందువెనుకలు అవుతారు. తాడు మా ఊరిదే, ఖర్చు లేదు. ఐదు వేల బడ్జెట్టులో లెక్కను అన్నిటికన్నా బాగుచేసింది ఈ తాడే.

ఇక ఎండ. గుమ్మం పడమటి ముఖం. చిప్పుకు దగ్గర, మధ్య, దూరం అని మూడు కొలత పద్ధతులున్నాయి. దగ్గర పద్ధతి ఎండకు తట్టుకుంటుంది గానీ 1.3 మీటర్ల దాకానే చూస్తుంది. అంటే నేలనుంచి 1.1 మీటర్ల కన్నా పొట్టివారు కనిపించరు, ఒకటో తరగతి పిల్లల్లో చాలామంది ఎగిరిపోతారు. దూరం పద్ధతి చీకట్లో మూడు మీటర్లు దాటి చూస్తుంది గానీ ఎండ పడితే మీటరు కూడా చూడలేదు. సాయంత్రం నాలుగు తర్వాత సూర్యుడు వరండా దాటి గచ్చు మీద పరుచుకుంటాడు, సరిగ్గా జనం వచ్చే వేళకే. కోడ్‌తో కుస్తీ పడేకన్నా సెన్సార్‌ను గుమ్మం నుంచి మీటరున్నర లోపలికి, ఎండ చేరని దూలానికి మార్చి, మధ్య పద్ధతి పెట్టాను. తాళ్ల దారినీ అక్కడికే జరిపాం.

ఆగస్టు

వరద నీరు గట్టు దగ్గరికి వచ్చింది, మ్యూజియం కొన్నాళ్లు మూసేశారు. ఆ తీరికలో డబ్బా, కరెంటు, గడియారం పనులు చూసుకున్నాను.

సెన్సార్, బోర్డు ఒకే డబ్బాలో ఉండాలి. వాటి మధ్య మాటలు నడిచే ఐ2సీ తీగలు సెంటీమీటర్ల దూరాలకే తప్ప గది అంత పొడవుకు కావు, లాగితే అంకెలు చెడిపోతాయి. పొడవుగా లాగవలసింది 5 వోల్టుల కరెంటు తీగనే. జంక్షన్ బాక్సు అడుగున రంధ్రం చేసి చిప్పు ముఖం కిందికి కనబడేలా అమర్చి, చుట్టూ సీలెంటు పూశాను. ముందు ప్లాస్టిక్ పలక పెట్టలేదు. పెడితే వెలుగు దాని మీదే కొంత ప్రతిఫలించి, సెన్సార్ తన ముక్కు ముందే ఎవరో ఉన్నారనుకుంటుంది. సరిచేసే మార్గాలున్నాయి గానీ అవసరం లేని పని ఎందుకు?

అయితే బల్లులు! దూలం మీద దీపం వెలిగితే పురుగులు, పురుగులుంటే బల్లులు. ఒక బల్లి సరిగ్గా రంధ్రం మీద పడుకుంటే రెండు కళ్లూ కప్పబడి అలాగే ఉండిపోయాయి. 20 సెంటీమీటర్ల కన్నా దగ్గరగా కనిపించేది ఏదైనా మనిషి కాదని కోడ్‌లో రాసి, అలాంటిది నిమిషం దాటి ఉంటే చిన్న ఎర్ర దీపం వెలిగేలా పెట్టాను. దీపం చూడగానే బాబాయి చీపురు తెస్తాడు. దూలం మీది ట్యూబులైటును ఇంకో వైపుకు మార్చాక బెడద చాలావరకు తగ్గింది. సాలెగూళ్లకు మాత్రం వారానికోసారి మెత్తటి బ్రష్షు తప్పదు.

కరెంటుకు మొదట ఇంట్లో ఉన్న పవర్ బ్యాంకు పెట్టాను. వైఫై ఆపేసిన బోర్డు తాగే కరెంటు చాలా తక్కువ కావడంతో ఫోను తీసేశారనుకుని పవర్ బ్యాంకు తనంతట తాను ఆరిపోతోంది. చాలా పవర్ బ్యాంకుల స్వభావమే ఇది. వైఫై రౌటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్ కొన్నాం. అన్ని సామాన్లలోకీ ఖరీదైనది ఇదే, కానీ మా సాయంత్రపు కోతల్ని తేలిగ్గా దాటిస్తోంది.

మ్యూజియంలో ఇంటర్నెట్టు లేదు. ఇంటర్నెట్టు లేని బోర్డుకు టైము తెలియదు. అందుకని డీఎస్3231 గడియారం చిప్పు పెట్టాను, ఏడాదికి ఒక్క నిమిషం అటూ ఇటూ. దీని చవక మాడ్యూళ్లలో ఒక తిరకాసు ఉంది. రీచార్జి అయ్యే బటన్ సెల్లు కోసం చార్జింగ్ తీగ వేసి ఉంటారు, మనకు దుకాణంలో దొరికేదేమో రీచార్జి కాని సీఆర్2032. 5 వోల్టులు ఇస్తే ఆ సెల్లుకు బలవంతంగా చార్జింగ్ ఎక్కుతుంది, అది మంచిది కాదు. మాడ్యూలుకు 3.3 వోల్టులే ఇచ్చాను, డయోడ్ దగ్గర పోయేది పోగా సెల్లు వోల్టేజీని దాటదు.

లెక్కను మనిషి మనిషికీ కాక పావుగంటకోసారి మెమరీలో రాస్తుంది. ఫ్లాష్ మెమరీకి రాతలకు పరిమితి ఉంటుంది, దాన్ని వృథా చేయడం ఎందుకు? సాయంత్రం మాస్టారు మీట నొక్కితే బోర్డు తనే ఒక చిన్న వైఫై తెరుస్తుంది. ఆయన ఫోను కలిపి బ్రౌజరులో 192.168.4.1 అని కొడితే ఆ రోజు గంటవారీ పట్టిక కనిపిస్తుంది. ఆయన దాన్ని చూసి రిజిస్టరులో ఇంకు పెన్నుతో ఎక్కిస్తారు. ఆ రెండో అడుగు ఎందుకని మేనల్లుడికి విసుగు. నాకు మాత్రం నచ్చింది. చిప్పు కాలిపోయినా పుస్తకం ఉంటుంది.

సెప్టెంబరు

ఇప్పుడు మాస్టారు అడిగిన ‘తప్పు ఎంత’ అన్న ప్రశ్న. దానికి మనిషి లెక్క పక్కన యంత్రం లెక్క పెట్టి చూడటమే మార్గం. వేలికి ఉంగరంలా తొడుక్కునే జపం కౌంటర్లు పూజా సామగ్రి దుకాణాల్లో దొరుకుతాయి. రామనామానికి కొనేవి. రెండు కొన్నాం, ఒకటి లోపలికి వచ్చేవారికి, ఒకటి బయటికి వెళ్లేవారికి. బాబాయి, మేనల్లుడు చెరో స్టూలు వేసుకుని కూర్చున్నారు. బాబాయి నొక్కినప్పుడల్లా అలవాటుకొద్దీ ‘రామ’ అనుకుంటున్నాడని మేనల్లుడి ఫిర్యాదు.

జనం పలచగా ఉన్న మధ్యాహ్నాల్లో రెండు లెక్కలూ దాదాపు కలిశాయి. బడి పిల్లలు వచ్చిన పూట యంత్రం వందకు పది మందికి పైగా తక్కువ చూపింది. వరుసలో ఒకరి వీపుకు ఒకరు అతుక్కుని నడిస్తే రెండు తలల మధ్య సెన్సార్‌కు ఖాళీ కనిపించదు, ఇద్దరూ ఒక పొడుగాటి మనిషి అయిపోతారు. వాన రోజు మరో చిక్కు వచ్చింది, విప్పిన గొడుగు కింద ఇద్దరు. గొడుగుల కోసం వరండాలో ఒక గంగాళం పెట్టాం. పిల్లల వరుసకు బడి మాస్టార్లే ఉపాయం చెప్పారు: తాళ్ల దారి మొదట్లో నిలబడి ఒక్కొక్కరి చేతికి ప్రదర్శన కాగితం ఇస్తారు. కాగితం అందుకునేసరికి మనిషికీ మనిషికీ అడుగు దూరం దానంతట అదే వస్తుంది. తేడా సగానికి తగ్గింది.

గమనించవలసింది ఇంకొకటుంది. తప్పు ఎప్పుడూ తక్కువ వైపే పడుతోంది. అందువల్ల సరిచేయడం సాధ్యమే: మనిషి లెక్కను యంత్రం లెక్కతో భాగిస్తే ఎంతతో హెచ్చవేయాలో వస్తుంది. కాకపోతే పలుచని పూటకు ఒక గుణకం, గుంపుల పూటకు ఇంకొకటి కావాలి. అన్నిటికీ ఒకటే వాడితే మామూలు రోజులు ఉబ్బిపోతాయి, పండుగ రోజులు చిక్కిపోతాయి.

ఇక సిబ్బంది. బాబాయి రోజుకు ఎన్నిసార్లు టీకి వెళ్తాడో యంత్రం బయటపెట్టింది. ఆయన సందర్శకుడు కాడు కదా. ముందు గుమ్మం వాడవద్దని, పక్కనున్న ఆఫీసు తలుపు వాడమని మాస్టారు చెప్పారు. “నా టీలు కూడా లెక్కేస్తున్నారా?” అని బాబాయి మూతి ముడుచుకున్నాడు గానీ తలుపు మార్చాడు.

కార్తీక సోమవారం

పంచారామాల బస్సులు. ద్రాక్షారామం దర్శనం అయ్యాక కోటిపల్లి వెళ్తూ కొన్ని ఇక్కడ ఆగుతాయి. ఒక్కో బస్సు దిగగానే గుంపు మొత్తం ఒకేసారి గుమ్మం మీద పడుతుంది. తాళ్ల దారి పట్టు నిలుపుకుంది, యంత్రం లోపలికి వచ్చినవారిని అనుకున్న తేడా మేరకే లెక్కపెట్టింది. వరండాలో వెయిటింగు మాత్రం పెరిగింది, డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉన్నాడు.

‘ఇప్పుడు లోపల ఉన్నవారు’ అన్న అంకె మాత్రం పొద్దుటినుంచీ పెరుగుతూ పోయి, మూసేవేళకు గదులన్నీ ఖాళీగా ఉన్నా డెబ్బై దాటి చూపింది. వీళ్లంతా వెనుక గుమ్మంనుంచి రేవుకు వెళ్లి స్నానాలు చేస్తున్నవాళ్లు. కొన్ని ఆదివారాలు దీనికి తలకిందులు. రేవునుంచి లోపలికి వచ్చి ముందునుంచి పోవడం వల్ల లోపల మైనస్ తొమ్మిది మంది ఉన్నట్టు చూపింది. మాస్టారు ఆ మైనస్ గుర్తును చాలాసేపు చూశారు. రోజూ మూసేవేళకు ఆ అంకెను సున్నా చేసే ఏర్పాటు ఉంది గానీ పుష్కరాల్లో అటక మీది బరువు చూసుకోవడానికి పగటిపూట అంకె కావాలి.

కమిటీలో రెండో వీఎల్53ఎల్1ఎక్స్ కొనే మాట వచ్చింది. నేను వద్దన్నాను. వెనుక గుమ్మాన్ని బయటికి వెళ్లడానికి మాత్రమే వాడదాం. రేవువైపు మెట్ల దగ్గర సూచన బోర్డు, బయటినుంచి తీయలేని గడియ పెడదాం. లోపలినుంచి ఎవరైనా తోసుకుని పోగలగాలి, నిప్పు అంటుకున్న పూట తాళం వెతకకూడదు. దిశ ఖాయమైపోయింది కాబట్టి అక్కడ దిశ చెప్పే సెన్సార్ అక్కర్లేదు. ఆ గుమ్మం ఒకే రెక్క, ఇద్దరు పక్కపక్కన పట్టరు. జూన్‌లో విప్పి డబ్బాలో పెట్టిన కిరణం సామగ్రి అక్కడికి సరిగ్గా సరిపోతుంది. రెండు గుమ్మాల అంకెలూ ఒక బోర్డు మీదికి రావడానికి ఈఎస్‌పీ32లు తమలో తాము వైఫై రౌటరు లేకుండా మాట్లాడుకునే ఈఎస్‌పీ-నౌ పద్ధతి వాడతాను. దానికి కావలసింది ఇంకో బోర్డు ఒక్కటే.

పుష్కరాల రోజుల్లో మాత్రం తాళ్ల దారి తీసేస్తాం. అంత జనంలో దారి ఇరుకు చేయడం ప్రమాదం. ఆ పన్నెండు రోజులూ గుమ్మాల దగ్గర మనుషులే కూర్చుని జపం కౌంటర్లు నొక్కుతారు, గంటకొకరు చొప్పున మారుతూ.

దరఖాస్తులో ఆ గడి ఈ రోజు నిండింది. జూలై చివరినుంచి ఇప్పటిదాకా వచ్చిన లెక్క, మూసి ఉన్న వరద రోజులు తీసేసి, పక్కన వందకు ఎంత అటూ ఇటూ అన్నది కూడా రాశారు. ‘సుమారు పదివేలు’తో పోలిస్తే అంకె చిన్నదే. మాస్టారు సంతకం చేసి, వెనుక గుమ్మం గడియకు వడ్రంగిని రేపు రమ్మని కబురు పెట్టారు.